కొండలోంచి స్తంభం: ఆస్వాన్ నుంచి రోమ్ దాకా ఒక ఒబెలిస్క్ తయారీ

కర్ణాక్ ఆలయంలో నాలుగో గోపురద్వారానికీ ఐదోదానికీ నడుమ హాత్‌షెప్సుత్ రాణి నిలబెట్టించిన ఒబెలిస్క్ ఇప్పటికీ ఉంది. ఎత్తు 29.56 మీటర్లు. బరువు 320 టన్నుల పైచిలుకు. ఎక్కడా అతుకు లేదు, మొత్తం ఒకటే రాయి. అడుగున నలుపలకలుగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ, కొసన చిన్న పిరమిడ్‌గా ముగుస్తుంది. సూర్యుడి తొలి కిరణం తాకే చోటుగా ఆ కొసను ఈజిప్షియన్లు పవిత్రంగా చూసుకున్నారు. పీఠం మీద రాణి చెక్కించిన శాసనంలో ఒక లెక్క ఉంది: ఈ స్తంభాన్నీ దాని జంట స్తంభాన్నీ కొండలోంచి తొలిచి తీయడానికి ఏడు నెలలు పట్టింది.

ఇది క్రీ.పూ. 15వ శతాబ్దం నాటి మాట. అప్పటికి రాతిపనికి ఇనప ఉలి లేదు. క్రేన్లు లేవు. ఉన్నవి రాగి, కంచు పనిముట్లు. అవి గ్రానైట్ మీద దెబ్బ వేస్తే మొన వంగిపోతాయి. ఇంత మాత్రం చూసి, ఇది మనుషుల వల్ల అయ్యే పని కాదనీ, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు చేసిపెట్టారనీ చెప్పే వీడియోలు కోట్ల మంది చూస్తున్నారు. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఈ పనిలో దాదాపు ప్రతి దశకూ గుర్తులు మిగిలాయి: గనిలో గుంటలు, గోడ మీద గీతలు, ఆలయం గోడ మీద పడవ బొమ్మ, పీఠం మీద గాడి. వాటిని వరుసలో పెట్టుకుంటే తయారీ మొత్తం కళ్లముందు నడుస్తుంది.

రాయిని పసిగట్టడం

నైలు నది మొదటి జలపాతం దగ్గర, ఈజిప్టు దక్షిణపు కొసన ఉంది ఆస్వాన్. అక్కడి గ్రానైట్ గులాబీ రంగులో ఉంటుంది. గులాబీ ఫెల్డ్‌స్పార్ పలుకులు, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం కలిసిన రాయి అది. ఫారోల ఒబెలిస్క్‌లలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వెళ్లాయి.

తయారీ గురించి మనకు తెలిసిన దానిలో సగం ఒక వైఫల్యం చెప్పినదే. ఆస్వాన్ గనిలో ఒక ఒబెలిస్క్ పూర్తికాకుండా, కొండకు అంటుకునే పడుకుని ఉంది. పొడవు 41.75 మీటర్లు. బయటికి తీసి ఉంటే బరువు దాదాపు 1,168 టన్నులు అయ్యేదని లెక్క. ఈజిప్షియన్లు తలపెట్టినట్టు తెలిసిన ఒబెలిస్క్‌లలో ఇదే అతి పెద్దది. పని చాలా దూరం నడిచాక రాతిలో పగుళ్లు బయటపడ్డాయి. 1922లో రెజినాల్డ్ ఎంగెల్‌బాక్ అనే పురావస్తు అధికారి దీని చుట్టూ పేరుకున్న మట్టీ రాళ్లూ తీయించి, అంగుళం అంగుళం కొలిచాడు. ఆయన మొదట ఇంజనీరింగ్ చదివిన మనిషి. అందుకే ఆ గనిని చూసిన చూపులో పనివాడి లెక్క కనిపిస్తుంది: ఎంతమంది నిలబడ్డారు, ఎక్కడ నిలబడ్డారు, గంటకు ఎంత తొలిచారు.

తొలి మెట్టు మంచి రాయిని ఎంచడం. పైన కనిపించే గ్రానైట్ ఎండకీ గాలికీ పొరలు రేగి ఉంటుంది. లోపల పగుళ్లు ఉన్నాయో లేదో పైనుంచి తెలియదు. అందుకని గనిపెద్దలు స్తంభం రావలసిన చోట అక్కడక్కడా లోతుగా పరీక్ష గుంటలు తొలిపించారు. ఆ గుంటల గోడలు చూసి, సన్నటి బీటలు ఎటు పోతున్నాయో అంచనా వేసుకున్నారు. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి.

పైన ఉన్న చెడ్డ రాయిని తీసేయడానికి నిప్పు వాడారు. రాతి మీద మంట పెట్టి, వేడి పక్కకు పోకుండా ఇటుకలతో అడ్డు కట్టి, బాగా కాలాక నీళ్లు చల్లితే గ్రానైట్ పై పొర చిట్లి పెళుసుబారుతుంది. ఆ పైన కొడితే పొడిపొడిగా ఊడివస్తుంది. కాలిన ఇటుకల ఆనవాళ్లు గనిలో దొరికాయి. మన దక్కను పీఠభూమిలోనూ నిప్పు పెట్టి గ్రానైట్ పలకలు లేపే పద్ధతి నిన్నమొన్నటి దాకా నడిచింది కాబట్టి, రాతిపని తెలిసిన తెలుగువాళ్లకు ఇందులో వింత కనిపించదు.

కందకం తొలవడం

పైభాగం చదునయ్యాక స్తంభం ఆకారాన్ని రాతి మీద గీసుకున్నారు. నడిమి గీత ఒకటి, రెండు పక్కలా అంచుల గీతలు. ఇక అసలు పని మొదలు. ఆ గీతల వెంట నాలుగు వైపులా కందకం తొలవాలి. కందకం వెడల్పు ముప్పావు మీటరు. ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని చేతులు ఆడించేంత జాగా. లోతు స్తంభం మందాన్ని దాటి ఇంకా కిందికి పోవాలి.

పనిముట్టు ఏమిటంటే డోలరైట్ గుండు. నల్లగా, గ్రానైట్ కంటే గట్టిగా, చిట్లకుండా దెబ్బను ఓర్చుకునే రాయి అది. పట్టుకోవడానికి పిడి లేదు, కర్ర లేదు. ఐదారు కిలోల గుండును రెండు చేతులా ఎత్తి, కింద ఉన్న గ్రానైట్ మీద వదలాలి. మళ్లీ ఎత్తాలి, మళ్లీ వదలాలి. ప్రతి దెబ్బకూ చిటికెడు రాతిపొడి లేస్తుంది. ఆ పొడిని పక్కకు ఊడ్చి మళ్లీ కొట్టాలి. ఎంగెల్‌బాక్ స్వయంగా గుండు పట్టి కొట్టి చూశాడు. గంటసేపు కొడితే చిన్న జాగాలో దాదాపు 5 మిల్లీమీటర్లు దిగింది. ఆ తరువాత కూడా ఈ ప్రయోగాన్ని పలువురు చేశారు, ఫలితం అదే దారిలో వచ్చింది. నెమ్మదిగానే అయినా రాయి దిగుతుంది.

గనిలో ఈ కందకాన్ని దగ్గరగా చూస్తే పని ఎలా పంచారో తెలిసిపోతుంది. అడుగున రాయి చదునుగా లేదు. పక్కపక్కనే గుండ్రటి పల్లాలు, వాటి మధ్య పలచని గట్లు, కందకం పొడవునా ఒకే తీరున ఉంటాయి. గోడలు కూడా అంతే, పైనుంచి కిందికి తీసినట్టు నిలువు పల్లాలు. ఒక్కో పల్లం ఒక్కో మనిషి కొట్టిన జాగా. పక్కవాడి మోచేయి తగలకుండా కొలిచి పంచిన జాగా. ఏ మూలనా ఉలి గీత లేదు, మేకు గాడి లేదు, అంతా గుండు దెబ్బలే. రాతి గనుల్లో కనిపించే చెక్క మేకులు దిగ్గొట్టే గాళ్లు ఇక్కడా ఉన్నాయి గానీ, అవి తరువాతి కాలపు వాళ్లు ఆ పడి ఉన్న రాతిలోంచి ముక్కలు తీసుకోవడానికి చేసినవి. చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లు పోసి ఉబ్బించి ఒబెలిస్క్‌లను చీల్చారన్న మాట పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం తిరిగింది. ఈ గని చూశాక దాన్ని వదిలేయడమే మంచిది.

ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కందకం గోడల మీద జేగురుతో గీసిన నిలువు గీతలను ఎంగెల్‌బాక్ నమోదు చేశాడు. వాటి వెంట కొలత గుర్తులూ ఉన్నాయి. మేస్త్రీ పైనుంచి మూరకర్ర దించి, ఎవరి వంతు ఎంత లోతు దిగిందో చూసి గుర్తు పెట్టేవాడన్నమాట. ఈజిప్టు రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు. ఆ గీతల పుణ్యాన మూడున్నర వేల ఏళ్ల కిందటి పనివాళ్ల రోజువారీ లెక్క మన దాకా వచ్చింది. రాజుల పేర్లు చెప్పే శాసనాలు వందల్లో ఉన్నాయి; గుండు ఎత్తిన మనిషి వంతును చెప్పే గుర్తులు చాలా తక్కువ. ఈ కందకంలో ఒకేసారి 130 మంది దాకా పనిచేయగలరని ఎంగెల్‌బాక్ అంచనా. ఆస్వాన్ ఎండలో, రాతిపొడి పీలుస్తూ, పిడి లేని గుండుతో, నెలల తరబడి. రాణి శాసనంలో ఉన్న ఏడు నెలలు వాళ్ల చేతుల్లోంచి వచ్చిన ఏడు నెలలు.

పెద్ద ఒబెలిస్క్‌లో పగుళ్లు కనిపించగానే గనిపెద్దలు దాన్ని వెంటనే వదిలిపెట్టలేదు. పగుళ్లను తప్పించుకుంటూ అదే రాతిలో కాస్త చిన్న స్తంభం తీయడానికి మళ్లీ గీతలు గీశారు. ఆ గీతలూ దొరికాయి. కానీ పగుళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి, చివరికి పని ఆపేశారు. ఇంత శ్రమ పోయాక కూడా ఎంతో కొంత దక్కించుకోవాలని చూసిన ఆ రెండో గీతలో పనివాళ్ల మనసు తెలుస్తుంది.

అడుగు విడదీయడం, నదికి చేర్చడం

నాలుగు పక్కలా కందకం దిగాక స్తంభం అడుగు ఇంకా కొండకు అంటుకునే ఉంటుంది. అప్పుడు రెండు వైపుల నుంచీ కిందికి దూరి, పక్కకు పడుకుని, అడ్డంగా కొట్టుకుంటూ పోవాలి. మొత్తం పనిలో అతి కష్టమైన, అతి ప్రమాదకరమైన దశ ఇది. తొలిచిన చోట రాళ్లూ దూలాలూ ఆనించుకుంటూ పోతే, చివరికి స్తంభం వాటి మీద నిలుస్తుంది. తరువాత పక్కనున్న రాతిగోడను తీసేసి, పొడవాటి దూలాలను మీటలుగా వాడి కదపాలి.

అక్కడి నుంచి నదీ తీరానికి చేర్చడానికి చక్రాల బండి పనికిరాదు. ఆ బరువుకు చక్రం విరుగుతుంది, ఇరుసు ఇసుకలో దిగిపోతుంది. చెక్క స్లెడ్జ్ మీద పెట్టి, మోకులు కట్టి మనుషులే లాగారు. దైర్ ఎల్ బెర్షాలో జెహూతీహోతెప్ అనే అధికారి సమాధిలో ఇలాంటి దృశ్యం ఉంది. హాత్‌షెప్సుత్ కంటే నాలుగు వందల ఏళ్లు ముందటి బొమ్మ. స్లెడ్జ్ మీద పెద్ద విగ్రహం, ముందు నాలుగు వరుసల్లో మోకులు పట్టిన మనుషులు, స్లెడ్జ్ ముందు భాగంలో నిలబడి నేల మీద నీళ్లు పోస్తున్న ఒకతను. ఆ నీళ్లు పూజాకార్యమని కొందరు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు ఇసుక మీద ప్రయోగం చేసి చూపించారు: తగినంత తడి ఉన్న ఇసుకలో లాగడానికి కావలసిన బలం పొడి ఇసుకతో పోలిస్తే సగానికి తగ్గుతుంది. పొడి ఇసుక స్లెడ్జ్ ముందు కుప్పపడి అడ్డుతగులుతుంది. తడి ఇసుక గట్టిగా నిలుస్తుంది. కుండ పట్టుకున్న ఆ మనిషి పని తెలిసి పోస్తున్నాడు.

నది మీద

ఆస్వాన్ నుంచి కర్ణాక్ ఉన్న తీబ్స్‌కు నది దారిన 200 కిలోమీటర్ల పైచిలుకు. నైలు ఉత్తరానికి పారుతుంది కాబట్టి ప్రవాహం వెంటే ప్రయాణం. అయినా, వందల టన్నుల రాయిని మోసే పడవ ఎంత ఉండాలి? హాత్‌షెప్సుత్ తండ్రి మొదటి తుత్మోస్ కాలంలో ఒబెలిస్క్‌ల పని చూసిన ఇనేని అనే అధికారి తన సమాధిలో ఆ కొలత చెప్పుకున్నాడు: పొడవు 120 మూరలు, వెడల్పు 40 మూరలు. అంటే సుమారు 63 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పు.

హాత్‌షెప్సుత్ దీన్ని బొమ్మగానే చెక్కించింది. తీబ్స్ పడమటి ఒడ్డున దైర్ ఎల్ బహరీలో ఆమె ఆలయం గోడ మీద రెండు ఒబెలిస్క్‌లను మోస్తున్న పెద్ద పడవ ఉంది. దాన్ని లాగుతూ మూడు వరుసల్లో చిన్న పడవలు, వరుసకు తొమ్మిది చొప్పున 27, వాటి నిండా తెడ్లు వేసేవాళ్లు. ఈ పడవ కోసం దేశమంతటి నుంచీ మేడి జాతి చెట్ల కలప తెప్పించినట్టు పక్కన రాసి ఉంది. కలప కరువైన దేశంలో అది చిన్న సంగతి కాదు.

ఒడ్డు నుంచి పడవలోకి రాయిని ఎక్కించడం గురించి రోమన్ రచయిత ప్లినీ ఒక ఉపాయం రాశాడు. టాలెమీ కాలపు ఒక ఒబెలిస్క్ విషయంలో జరిగిన సంగతి అది. నది నుంచి స్తంభం పడుకున్న చోటి దాకా కాలువ తవ్వి, కాలువకు అడ్డంగా దాన్ని రెండు గట్ల మీదా ఆనేలా ఉంచారు. రెండు పడవల్లో రాళ్లు నింపి బాగా బరువు దించి స్తంభం కిందికి తెచ్చారు. తరువాత పడవల్లోని రాళ్లు ఒక్కొక్కటే తీసేశారు. బరువు తగ్గినకొద్దీ పడవలు పైకి తేలి, స్తంభాన్ని తమ మీదికి ఎత్తుకున్నాయి. ఎత్తే పని నీళ్లు చేశాయి.

నునుపు, అక్షరం

ఆకారం గుండ్లతోనే వస్తుంది. ముఖం చదునుగా ఉందో లేదో చూడటానికి సమాన ఎత్తున్న మూడు కర్రలకు దారం లాగి సరిచూసేవారు. నునుపు చేయడానికి రాతిపలకల కింద ఇసుక వేసి రుద్దడం. ఇసుకలోని క్వార్ట్జ్ గ్రానైట్‌ను నెమ్మదిగా అరగదీస్తుంది. అక్షరాలూ బొమ్మలూ చెక్కడానికి చెకుముకి రాతి మొనలూ, చిన్న డోలరైట్ సమ్మెటలూ, రాపిడికి ఇసుకా వాడారు. ఈజిప్టు శిల్పులు ఇక్కడ చిత్రాన్ని ఉబ్బెత్తుగా కాక రాతి ముఖం కంటే లోపలికి దించి చెక్కారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ లోతుల అంచున నీడ నిలుస్తుంది, ముప్పై మీటర్ల ఎత్తున ఉన్న గుర్తు కూడా కిందికి స్పష్టంగా కనబడుతుంది.

కొన్నిసార్లు చెక్కడం గనిలోనే మొదలయ్యేది. ఆస్వాన్ పడమటి ఒడ్డున గెబెల్ గులాబ్ గనిలో మొదటి సేతి ఫారో పేరున్న ఒబెలిస్క్ కొస పడి ఉంది. దాని మూడు ముఖాల మీద చెక్కడం జరిగింది, రాయి మాత్రం గని దాటలేదు.

కర్ణాక్ స్తంభం పైభాగాన్ని జాగ్రత్తగా చూస్తే ఇంకో కథ తెలుస్తుంది. అక్కడ ఆమున్ దేవుడి బొమ్మలున్న చోట రాయి చుట్టుపక్కల కంటే కాస్త లోపలికి ఉంటుంది. నూరేళ్ల తరువాత వచ్చిన అఖెనాతెన్ ఆమున్ ఆరాధనను రద్దుచేసి ఆ బొమ్మలను కొట్టించేశాడు. ఇంకా తరువాత మొదటి సేతి వాటిని మళ్లీ చెక్కించాడు. కొట్టేసిన చోటే మళ్లీ చెక్కాలంటే ఇంకాస్త లోతుకు పోక తప్పదు. అంత ఎత్తున పరంజా కట్టి ఒకసారి చెరిపినవాళ్లూ, మరోసారి చెక్కినవాళ్లూ ఉన్నారు.

చివరగా పూత. రాణి ఈ స్తంభాలను పూర్తిగా ఎలక్ట్రంతోనే పోత పోయించాలనుకుందనీ, ఆ బంగారం, వెండి మిశ్రలోహాన్ని ధాన్యంలా కొలిచి ఇచ్చిందనీ శాసనం చెబుతుంది. ఆ తొడుగు ఇప్పుడు లేదు.

నిలబెట్టడం

ఇక్కడే ఎక్కువ వాదన. 320 టన్నుల రాయిని, మధ్యలో విరగకుండా, పడుకున్న భంగిమ నుంచి నిలువుకు ఎలా తెచ్చారు? పొడవాటి రాయి కొసను పట్టి ఎత్తితే తన బరువుకు తానే నడుమ విరుగుతుంది.

దీనికి ఒక సాక్ష్యం పీఠం మీద ఉంది. ఒబెలిస్క్ నిలబడే పీఠం పైన ఒక అంచున సన్నటి గాడి తొలిచి ఉంటుంది. స్తంభం అడుగు అంచు ఆ గాడిలో కుదురుకుంటే, పక్కకు జారకుండా దాని మీదే తిరిగి నిలువుకు వస్తుంది. ఇంకో సాక్ష్యం ‘అనస్తాసీ 1’ అనే పపైరస్‌లో ఉంది. ఒక లేఖకుడు ఇంకొకణ్ణి లెక్కలడిగి పరీక్షిస్తాడు అందులో: ఒబెలిస్క్‌ను లాగడానికి ఎంతమంది కావాలి, ఒక పెద్ద విగ్రహం కింద ఇసుక నింపిన గదులను ఖాళీ చేయడానికి ఎంతమంది కావాలి అని. ఇసుకతో రాయిని దించడం వాళ్లకు రోజువారీ లెక్కే.

ఈ రెండూ కలిపి ఎంగెల్‌బాక్ వేసిన ఊహ ఇది. పీఠం చుట్టూ ఎత్తైన కట్ట కడతారు, నడుమ పీఠం పైన గరాటు ఆకారంలో జాగా వదిలి ఇసుక నింపుతారు. ఏటవాలు దారి మీదుగా స్తంభాన్ని, అడుగు భాగం ముందుండేలా, కట్ట పైకి లాగి ఇసుక మీదికి తెస్తారు. అడుగున ఉన్న సొరంగం గుండా ఇసుకను మెల్లగా తోడేస్తారు. ఇసుక తగ్గినకొద్దీ స్తంభం అడుగు దిగుతూ, ఒరుగుతూ, గాడిలో కుదురుకుంటుంది. మిగిలిన కొద్దిపాటి వంపును మోకులతో లాగి నిలువు చేస్తారు. 1999లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక బృందం ఇసుకను ఇలాగే వాడి 25 టన్నుల గ్రానైట్ ఒబెలిస్క్‌ను నిలబెట్టింది. ఇదొక్కటే పద్ధతి అయ్యుండాలని లేదు, కానీ ఇసుకా తాళ్లూ మనుషులూ చాలునని ఆ ప్రయోగం రుజువు చేసింది.

రోమ్‌కు

క్రీ.పూ. 30లో ఈజిప్టు రోమ్ చేతికి వచ్చింది. క్రీ.పూ. 10లో ఆగస్టస్ చక్రవర్తి హెలియోపొలిస్ నుంచి రెండు ఒబెలిస్క్‌లు రోమ్‌కు తెప్పించాడు. ఒకటి రథాల పందేలు జరిగే సర్కస్ మాక్సిమస్‌లో నిలబడింది. రెండోదాన్ని మార్స్ మైదానంలో సూర్యుడి నీడను కొలిచే సూచికగా వాడుకున్నాడు. రెండు పీఠాల మీదా, ఈజిప్టును రోమన్ ప్రజల ఏలుబడిలోకి తెచ్చి సూర్యుడికి ఈ కానుక ఇస్తున్నానని రాయించాడు. సూర్యుడి స్తంభం సూర్యుడికే దక్కింది, కాకపోతే ఇచ్చిన చేతులు మారాయి.

తరువాత కాలిగులా చక్రవర్తి ఇంకోటి తెప్పించాడు. దాని మీద చిత్రలిపి లేదు. ఎత్తు పీఠం కాక 25 మీటర్ల పైన. దాన్ని తెచ్చిన ఓడ సముద్రంలో ఊగిపోకుండా అడుగు బరువుగా మసూర్ పప్పు నింపారని ప్లినీ రాశాడు. ఆ ఓడను తరువాత క్లాడియస్ చక్రవర్తి ఓస్టియా దగ్గర ముంచి, రేవుకట్టకు పునాదిగా వాడాడు.

క్రీ.శ. 357లో వచ్చినది వీటన్నిటికంటే పెద్దది. కర్ణాక్‌లో మూడో తుత్మోస్ మొదలుపెట్టించి చనిపోతే, 35 ఏళ్లు పడి ఉన్నాక నాలుగో తుత్మోస్ పూర్తిచేయించిన ఒంటి ఒబెలిస్క్ అది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అలెగ్జాండ్రియా దాకా తెప్పించాడు, కొడుకు రెండో కాన్‌స్టాంటియస్ 300 తెడ్ల ఓడ మీద రోమ్ చేర్పించాడు. నిలబెట్టడాన్ని చరిత్రకారుడు అమ్మియానస్ వర్ణించాడు: అడవిలా దూలాలు, వాటి నిండా తాళ్లు, వేలమంది మనుషులు. ఈజిప్షియన్లు కింది నుంచి ఇసుక తీసి దించారనుకుంటే, రోమన్లు పైనుంచి కప్పీలతో, నిలువు ఇరుసుకు మోకు చుట్టే కాప్‌స్టన్‌లతో ఎత్తారు. ఇస్తాంబుల్ హిప్పోడ్రోమ్‌లో క్రీ.శ. 390లో తియొడోసియస్ నిలబెట్టిన ఒబెలిస్క్ పీఠం మీద ఆ కాప్‌స్టన్‌ల బొమ్మ చెక్కి ఉంది. పని ఎన్ని రోజుల్లో అయిందో గ్రీకు శాసనం 32 అంటుంది, లాటిన్ శాసనం 30 అంటుంది.

రోమన్లు తెచ్చుకోవడంతో ఆగలేదు, కొత్తవి చేయించుకున్నారు కూడా. పియాజ్జా నవోనాలో ఉన్నది డొమీషియన్ చక్రవర్తి కోసం చేసినదే. దాని మీద చిత్రలిపిలో ఆయన పేరుంది. స్పానిష్ మెట్ల పైన ట్రినిటా దేయి మోంటి చర్చి ముందు ఉన్నదాని మీది రాత, ఆగస్టస్ సర్కస్ మాక్సిమస్‌లో నిలబెట్టిన ఒబెలిస్క్ నుంచి చూసి చెక్కినది. లిపి తెలియనివాళ్లు చెక్కడంతో కొన్ని గుర్తులు తలకిందులయ్యాయి. రాయి దొరికింది, పనివాళ్లు దొరికారు, చదువు మాత్రం దొరకలేదు.

సామ్రాజ్యం పోయాక ఈ స్తంభాలు ఒక్కొక్కటే కూలాయి. కాలిగులా తెచ్చినది ఒక్కటే కూలకుండా నిలిచింది. 1586లో పోప్ ఐదో సిక్స్‌టస్ దాన్ని సెయింట్ పీటర్స్ చర్చి ముందుకు మార్చమన్నాడు. ఇంజనీరు డొమెనికో ఫోంటానా ముందుగా అదే జాతి రాయిలో ఒక ఘనాన్ని తూచి, దాన్ని బట్టి మొత్తం బరువు లెక్కవేసుకున్నాడు. స్తంభానికి చాపలు చుట్టి, పలకలు కట్టి, ఇనప పట్టీలు బిగించాడు. చుట్టూ దూలాలతో కోట కట్టి, 40 కాప్‌స్టన్‌లు, వందల మంది మనుషులు, పదుల కొద్దీ గుర్రాలతో పైకెత్తి, మెల్లగా పడుకోబెట్టి లాగించాడు. బూర ఊదితే లాగాలి, గంట మోగితే ఆగాలి. మధ్యలో మాట వినబడకూడదు. సెప్టెంబరు 10న అది కొత్త చోట నిలబడింది. తాళ్లు రాపిడికి కాలిపోతుంటే ఒక నావికుడు నీళ్లు పోయమని అరిచి కాపాడాడన్న కథ అందరికీ ఇష్టమే గానీ, అది తరువాత పుట్టిన కథ. పని ఎలా జరిగిందో ఫోంటానా 1590లో బొమ్మలతో సహా అచ్చువేయించాడు. ఈజిప్టు మేస్త్రీలు మనకు ఇవ్వని పుస్తకం అది.

1587లో సర్కస్ మాక్సిమస్ మట్టిలోంచి కాన్‌స్టాంటియస్ ఒబెలిస్క్ మూడు ముక్కలుగా బయటపడింది. వాటిని అతికించి, 1588లో లాటెరన్ చర్చి దగ్గర నిలబెట్టారు. అడుగు దెబ్బతినడంతో కాస్త పొట్టిబడింది. అయినా 32.18 మీటర్లతో, ఈజిప్టులో తయారై నేటికీ నిలిచి ఉన్న ఒబెలిస్క్‌లలో అదే పొడవైనది.

రోమ్‌లో ఇప్పుడు పురాతన ఒబెలిస్క్‌లు 13 ఉన్నాయి, ఈజిప్టులో నిలబడి ఉన్నవాటికంటే ఎక్కువ. అక్కడికి వెళ్లేవాళ్లు ట్రినిటా దేయి మోంటి ముందు ఉన్న నకలునూ, కాస్త దూరంలో పియాజ్జా దెల్ పోపోలోలో ఉన్న అసలునూ ఒకే పూట చూడండి, రెంటి మీది అక్షరాలు పోల్చండి. ఈజిప్టు వెళ్తే మాత్రం కర్ణాక్ కంటే ముందు ఆస్వాన్ గనిని చూడండి. నిలబడ్డ స్తంభాల మీద నునుపు చేసినప్పుడే పని గుర్తులు చెరిగిపోయాయి. గుండు దెబ్బలు, మనిషికింతని పంచిన వంతులు గనిలోనే ఉన్నాయి. చాలామంది అక్కడ పది నిమిషాలు ఆగి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. చలికాలంలో, పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు కందకంలోని పల్లాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు.